విజయనగర ప్రభువుల నివాసం – చంద్రగిరి రాజమహల్

తిరుమల శ్రీవారి దర్శనానికి వచ్చే యాత్రికులలో అనేకులు తిరుపతికి పదిహేను కిలోమీటర్లలోపే ఉన్న చంద్రగిరి కోటను చూడకుండానే తిరిగి వెళుతుంటారు. శ్రీనివాసమంగాపురం ఆలయాన్ని దర్శించేవారు మరికొంత సమయం కేటాయిస్తే, విజయనగర పాలకులు నివసించిన భవనంలో అడుగుపెట్టవచ్చును. హంపీలో రాజు నివాసం పునాదుల మేరకే మిగిలింది. చంద్రగిరి రాజమహల్ మాత్రం మూడంతస్తులతో, శిఖరాలతో నేటికీ నిలిచి ఉంది.

1485లో విజయనగర సింహాసనాన్ని అధిష్ఠించిన సాళువ నరసింహుడు అంతకుముందు ఈ కోట నుంచే పాలన సాగించారు. అనంతరం రెండవ వెంకటపతిరాయలు (1586–1614) రాజధానిని పెనుకొండ నుంచి ఇక్కడికి మార్చారు. 1639లో ఈస్టిండియా కంపెనీకి చెన్నపట్నం స్థలాన్ని ఇచ్చిన ఒప్పందం ఈ మహల్‌లోనే జరిగిందని స్థానికంగా చెప్పుకొంటారు.

రాయి, ఇటుక, సున్నంతో కట్టిన ఈ భవనంలో కలపను వాడలేదు. కమానులు ఇస్లామీయ శైలిని, పైనున్న శిఖరాలు ఆలయ విమానాలను తలపిస్తాయి. సమీపంలోని భవనానికి రాణిమహల్ అనే పేరు స్థిరపడినప్పటికీ, కింది అంతస్తు నిర్మాణాన్ని బట్టి అది గుర్రపుశాలగా ఉపయోగపడి ఉండవచ్చునని భావిస్తున్నారు. పేరును బట్టి అంతఃపురాన్ని ఊహించుకొని వెళ్లేవారు ఈ సంగతి గమనించాలి.

రాజమహల్‌లో నాటి ఆసనాలు, శయ్యలు, తెరలు ఏవీ మిగలలేదు. ఊహించి గదులను అలంకరించే బదులు, భారత పురావస్తు సర్వేక్షణ శాఖ ఇక్కడ మ్యూజియం నెలకొల్పింది. శిలావిగ్రహాలు, కంచు ప్రతిమలు, ఆయుధాలు, నాణేలు ఇందులో ఉన్నాయి. అయితే వీటిని చూసి వెనుదిరగడం సరికాదు. దర్బారు మందిరంలో కాసేపు నిలిచి స్తంభాలను, కమానులను, వాటిపై గల సున్నపు పనితనాన్ని పరిశీలించాలి. అసలైన ప్రదర్శనవస్తువు ఈ భవనమే.

సున్నపు పూతపై చెక్కిన పేర్లను తొలగించాలంటే ఆ పూతకే నష్టం కలుగుతుంది. రక్షిత కట్టడాలను పాడుచేసినవారికి, 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చును.

పూర్వం చిత్తూరు జిల్లాలో ఉన్న చంద్రగిరి 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లాలో భాగమైంది. మ్యూజియంకు శుక్రవారం సెలవు.