భారత నౌకాదళంలో నావికుల హోదాలు, వృత్తి పేర్లు

భారత నౌకాదళంలో కమిషన్డ్ అధికారులు కాని సిబ్బందిని సెయిలర్లు, అంటే నావికులు అంటారు. బ్రిటిష్ హయాంలో వీరికి రేటింగులని పేరు. నావికుడి పేరుకు ముందు సాధారణంగా రెండు మాటలుంటాయి. అతను ఏ మెట్టు మీద ఉన్నాడో ఒకటి చెబితే, ఓడలో ఏ పని చేస్తాడో రెండోది చెబుతుంది. 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో మొదలైన నౌకాదళ తిరుగుబాటునే చూడండి. సమ్మె సంఘం అధ్యక్షుడు ఎం.ఎస్. ఖాన్ లీడింగ్ సిగ్నల్‌మన్, ఉపాధ్యక్షుడు మదన్ సింగ్ పెటీ ఆఫీసర్ టెలిగ్రాఫిస్ట్. లీడింగ్, పెటీ ఆఫీసర్ అన్నవి హోదాలు. జెండాలతో, దీపాలతో సంకేతాలిచ్చేవాడు సిగ్నల్‌మన్. వైర్‌లెస్ మీద కబురందించేవాడు టెలిగ్రాఫిస్ట్.

కింది నుంచి పైకి మెట్లు ఇవి: సీమన్ రెండో తరగతి, మొదటి తరగతి, లీడింగ్ సీమన్, పెటీ ఆఫీసర్, చీఫ్ పెటీ ఆఫీసర్, మాస్టర్ చీఫ్ పెటీ ఆఫీసర్ రెండో తరగతి, మొదటి తరగతి. సైన్యంలో లీడింగ్‌కు సాటి నాయక్, పెటీ ఆఫీసర్‌కు హవల్దార్, చీఫ్‌కు నాయబ్ సుబేదార్. మాస్టర్ చీఫ్‌లు సుబేదార్‌కు, సుబేదార్ మేజర్‌కు సమానం. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద చేరేవారు ముందు నాలుగేళ్లు అగ్నివీర్‌లుగా పనిచేస్తారు.

పెటీ ఆఫీసర్ అన్న మాటలోని 'ఆఫీసర్' చాలామందిని తప్పుదోవ పట్టిస్తుంది. పెటీ అంటే ఫ్రెంచి మూలంలో చిన్న అని అర్థం. ఇది కమిషన్డ్ అధికారి హోదా కాదు, ఏళ్ల తరబడి పని నేర్చి కింద నుంచి ఎదిగిన నావికుడి హోదా. వార్తల్లో ఇతణ్ణి 'నేవీ అధికారి' అని రాయడం తప్పు. చిహ్నాల దగ్గరా ఇలాంటి తికమకే ఉంది. లీడింగ్ నావికుడి భుజం మీద ఒక లంగరు, పెటీ ఆఫీసర్‌కు అడ్డంగా పెనవేసిన రెండు లంగర్లు ఉంటాయి. సైన్యంలో 'వి' ఆకారపు పట్టీలు హోదాను చెబుతాయి. నౌకాదళంలో అవే పట్టీలు సత్ప్రవర్తనతో గడిపిన సర్వీసుకు గుర్తు.

వృత్తుల సంగతి ఇంకా లోతైనది. ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాలో తొలి శిక్షణ ముగిశాక దారులు చీలిపోతాయి. ఫిరంగుల పని నేర్చేవారు కొచ్చిలోని ద్రోణాచార్యకు, విద్యుత్ పనివారు జామ్‌నగర్‌లోని వల్సూరకు, ఇంజన్ల పనివారు లోనావలాలోని శివాజీకి వెళతారు. జలాంతర్గామి శిక్షణ మన విశాఖపట్నంలోని శాతవాహనలో జరుగుతుంది. ఆంధ్రదేశాన్నేలిన రాజవంశం పేరే దానికి పెట్టారు. వంటవారు, స్టీవార్డులు కూడా నావికులే, వాళ్లకూ ఇవే మెట్లు వర్తిస్తాయి. యంత్రాలు బాగుచేసే నిపుణులైన ఆర్టిఫిషర్ల మెట్లకు మాత్రం వేరే పేర్లున్నాయి. అందులో పై మెట్టు ఎక్కినవారు మాస్టర్ చీఫ్ ఆర్టిఫిషర్ అవుతారు.

నౌకాదళ చరిత్ర రాసేటప్పుడు ఓడల పేర్లకూ కెప్టెన్ల పేర్లకూ దొరికినంత చోటు ఈ మెట్ల మీది మనుషులకు దొరకలేదు. 1971 యుద్ధంలో తూర్పు పాకిస్తాన్ జలాల్లో పోరాడి మహావీర చక్ర అందుకున్న చిమన్ సింగ్ హోదా లీడింగ్ సీమన్.