యంత్రక్రీడలు - లైనక్సు వృత్తాంతము



మన గ్రామములందు దేవాలయ మండపముల బండలమీద పులిజూదపు గీతలు నేటికిని కానవచ్చును. వానిని గీచిన వారెవరో యెవరు నెరుగరు. చింతగింజలు నాలుగు చేతనున్న చాలును, దారిని బోవు బాటసారియైనను గూర్చుండి యాడవచ్చును. ఆటలో గెలుపోటములు గలవు గాని, ఆ గీతల పలకకు మాత్రము యజమాని లేడు.

నేటి పిల్లలు కంప్యూటరుపై నాడు నాటలకును ఇట్టి పలక యొకటి వలయును. అది కంటికి గానరాదు. మీట నొక్కగనే తెరపై బొమ్మ కదలుటకు, ధ్వని వినబడుటకు, లోపలి లెక్క తప్పకుండుటకు నడుమ నుండి సర్వమును సమకూర్చు వ్యవస్థ యది. దానిని ఆపరేటింగు సిస్టమందురు. ప్రతి యాటయు దానిపై నిలిచియే నడువవలెను. కంప్యూటరు క్రీడల విషయమున నా పలక చిరకాలము విండోసు అను పేర నొక్క వర్తకసంస్థ సొత్తుగా నుండెను. యజమాని లేని పలకగా బుట్టిన లైనక్సు ఆటగాండ్ర యాదరమును మెల్లమెల్లగా సంపాదించిన చరిత్రమును నేడు మనవి చేసెదను. పిల్లల ముచ్చటగా దోచినను, మన యింటిలోని వస్తువుపై నధికార మెవరిదను ప్రశ్న యిందు గలదు.

ఈ కథకు మొదటనే యొక యాట గలదు. 1969వ సంవత్సరమున అమెరికా దేశమున బెల్ పరిశోధనశాలయందు కెన్ థాంప్సన్ అను విద్వాంసుడు, గ్రహముల నడుమ నౌకను నడుపు నాట నొకదానిని రచించెను. దాని పేరు స్పేస్ ట్రావెల్. పెద్ద యంత్రముపై దాని నాడుట మిక్కిలి వ్యయముతో గూడిన పని. అందువలన నాతడు వాడుక తగ్గియున్న పీడీపీ-7 అను చిన్న యంత్రమునకు ఆటను మార్చెను. ఆ శ్రమలో గడించిన యనుభవముతో నదే యంత్రముపై నొక నూతన వ్యవస్థను నిర్మింప మొదలిడెను. అదియే పిదప యూనిక్సు అని ప్రసిద్ధి గాంచెను.

కాలక్రమమున యూనిక్సు అనుమతి పత్రముల కట్టుబాటులలో జిక్కుకొనెను. 1983 సెప్టెంబరులో రిచర్డ్ స్టాల్మన్ అను నమెరికా దేశీయుడు గ్నూ అను యత్నమును బ్రకటించెను. వ్యవస్థను వాడుకొనుటకు, లోపలి రచనను జదువుటకు, దిద్దుకొనుటకు, ఇతరులకు బంచుటకు ప్రతివానికిని స్వేచ్ఛ యుండవలెనని యాతని సంకల్పము. 1991 ఆగస్టులో ఫిన్లాండు రాజధానియైన హెల్సింకి నగరమున లీనస్ టోర్వాల్డ్స్ అను 21 యేండ్ల విద్యార్థి యూనిక్సును బోలిన వ్యవస్థకు మూలభాగమును రచించుచున్నానని లోకమునకు దెలిపెను. దానికే లైనక్సని పేరు. 1992లో నాతడు దానిని గ్నూ వారి యనుమతి పత్రము క్రిందకు దెచ్చెను. ఆ పత్రము ప్రకారము, దీనిని బుచ్చుకొని పరులకు బంచువాడు తాను పొందిన స్వేచ్ఛనే వారికిని ఈయవలెను. గురువువద్ద నేర్చిన విద్యను శిష్యునికి దాచక చెప్పవలెనన్న మన పెద్దల నియమము వంటిదే యిది.

ఇట్లు ఆట మూలమున బుట్టిన వంశమునకు ఆటలే కరవయ్యెను. 1995లో మైక్రోసాఫ్టు సంస్థ విండోసు 95ను వెలువరించి, ఆ యేడే క్రీడారచయితల యుపయోగమునకై డైరెక్ట్‌ఎక్స్ అను పరికరముల కూర్పును ఇచ్చెను. దానితో గట్టిన యాట విండోసుపై దక్క నన్యత్ర నడువదు. జనమున్న సంతకు సరకు చేరును, సరకున్న సంతకే జనము చేరుదురు. లైనక్సు సంతలో రెండును లేకపోయెను. డూమ్ అను ప్రఖ్యాతమైన యాట 1994లోనే లైనక్సునకు వచ్చిన మాట నిజము. 1998లో కాలిఫోర్నియా రాష్ట్రమున లోకి అను సంస్థ యేర్పడి, పేరుగన్న యాటలను లైనక్సునకు మార్చి విక్రయించెను. ఆ వర్తకము నిలువలేదు. 2002 జనవరిలో సంస్థ మూతపడెను. అయినను అందు బనిచేసిన సామ్ లాంటింగా రచించిన ఎస్‌డీఎల్ అను పరికరము స్వేచ్ఛగా బంచబడినదగుటచే నశింపక, నేటికిని అనేక క్రీడల కాధారమై యున్నది.

ప్రతి యాటను దిరిగి వ్రాయుట యసాధ్యమైనప్పుడు మిగిలిన మార్గము దుబాసిని నియమించుకొనుట. ఇది మన తీరవాసులకు గొత్త కాదు. 1626 ప్రాంతమున ఆంగ్లేయులు నెల్లూరు సీమలోని దుగరాజపట్నమున వర్తకస్థానమును బెట్టిరి. ఈ కోరమండల తీరపు బట్టల వ్యాపారమున నేతగానికి ఆంగ్లము రాదు, దొరకు తెలుగు రాదు. నడుమ దుబాసి నిలిచి యిరువురి మాటను నడిపెను. నేతగాడు తన మగ్గమును మార్చుకొనలేదు, బేరము మాత్రము కుదిరెను.

1993లో మొదలైన వైన్ అను రచన యట్టి దుబాసియే. విండోసుకొరకు గట్టిన యాట ఈ బొమ్మను జూపుము, ఈ ధ్వనిని వినిపింపుము అని విండోసు పరిభాషలో నడుగును. వైన్ దానిని విని, లైనక్సున కర్థమగునట్లు మార్చి పని జరిపించును. దీని రచయితలు మైక్రోసాఫ్టువారి వ్రాతను దొంగిలింపలేదు. ఏ ప్రశ్నకు విండోసు ఏమి ప్రత్యుత్తర మిచ్చునో పరీక్షించి తెలిసికొని, తమ సొంత వ్రాతతో నదే ప్రత్యుత్తరము వచ్చునట్లు చేసిరి. 1994 నుండి అలెగ్జాండర్ జూలియార్ ఈ పనికి సారథ్యము వహించెను. మొదటి స్థిరమైన ప్రతి 2008 జూనులో వెలువడెను. అప్పటికి పదునైదేండ్లు గడచినవి.

ఇంతలో వర్తకులలోనే యొక భయము పుట్టెను. అమెరికాలోని వాల్వ్ అను సంస్థ 2003 నుండి స్టీమ్ అను పేర అంతర్జాలముపై క్రీడల యంగడిని నడుపుచున్నది. 2012లో మైక్రోసాఫ్టు విండోసు 8తో గూడ తన సొంత యంగడిని దెరచెను. సంత స్థలము గలవాడే దుకాణము బెట్టినచో తక్కిన దుకాణదారుల గతి యేమి? వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్ ఈ మార్పును బహిరంగముగనే నిరసించి లైనక్సువైపు మరలెను. 2013 ఫిబ్రవరిలో స్టీమ్ లైనక్సునకు వచ్చెను. 2015 నవంబరులో స్టీమ్ మెషీన్లు అను లైనక్సు యంత్రములు అమ్మకమునకు వచ్చెను గాని, వానిపై నాడదగిన క్రీడలు చాలక యవి విఫలములయ్యెను.

ఆ యోటమివలన సంస్థకు అసలు లోప మెచ్చటనున్నదో తెలిసెను. 2018 ఆగస్టులో వైన్ ఆధారముగా ప్రోటాన్ అను దుబాసిని స్టీములోనే చేర్చిరి. డైరెక్ట్‌ఎక్స్ చిత్రభాషను, ఎల్లరకు నందుబాటులోనున్న వల్కన్ అను భాషలోనికి మార్చు రచన యిందు ముఖ్యాంగము. 2022 ఫిబ్రవరిలో రెండు చేతులతో బట్టుకొని యాడదగిన స్టీమ్ డెక్ అను యంత్రము వెలువడెను. దాని లోపల నున్నది లైనక్సే. కొనినవాడు ఆ పేరెరుగకయే యాడుకొనవచ్చును. స్టీమ్ వారి నెలసరి గణనయందు, ప్రోటాన్ వచ్చిన 2018లో లైనక్సువారు నూటికొక్కరికంటె దక్కువ. 2025 అక్టోబరు గణనలో నూటికి మువ్వురను దాటిరి. సంఖ్య స్వల్పమే. ఇరువది యేండ్ల క్రిందట అసాధ్యమనబడిన పని యిది యని మరువరాదు.

మన తెలుగునాటను ఈ స్వేచ్ఛకు బ్రత్యేక చరిత్ర గలదు. 2005లో హైదరాబాదున స్థాపితమైన స్వేచ్ఛ అను సంస్థ గ్నూ లైనక్సు వ్యవస్థను తెలుగులో సమకూర్చెను. బడిపిల్లలకై బాలస్వేచ్ఛ అను కూర్పును సిద్ధపరచి, గణితము, భౌతికశాస్త్రము, భూగోళము మున్నగు పాఠ్యాంశములను పిల్లలు స్వయముగా మీటలు నొక్కి నేర్చుకొనునట్లు చేసి, ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. ఆంగ్లమున ఫ్రీ అను నొక్క మాటకు వెల లేనిది, కట్టు లేనిది అను రెండర్థములు గలుగుటచే వారికి చిక్కు. మనకు ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. ఆ సంస్థ యెన్నుకొన్న పేరే ఉద్యమ తత్త్వమును దెలుపుచున్నది.

మరియొక సంగతి. 2008 నుండి విక్రయింపబడుచున్న ఆండ్రాయిడు ఫోనుల మూలభాగము లైనక్సే. కావున మైపాడు తీరమున నిసుకపై గూర్చుండి పిల్లవాడు ఫోనులో నాడు నాటయు దానిమీదనే నడచుచున్నది. కాని యా ఫోనుల పైభాగము వర్తకసంస్థల యధీనమున నున్నది. పునాది స్వేచ్ఛగా నున్నంత మాత్రమున నిల్లంతయు మనదని చెప్పరాదు. అట్లే స్టీమ్ యంగడియు వర్తకమే. అందు గొను నాటలు పలువురకు బంచదగినవి కావు. మోసమును బట్టుకొనుటకై కావలి పెట్టుకొన్న కొన్ని సామూహిక క్రీడలు లైనక్సును నేటికిని లోనికి రానీయవు. ధనమును బణముగా నొడ్డు నాటల మాట యిందు లేదు. వానిని 2025 ఆగస్టులో మన పార్లమెంటు చట్టముచే నిషేధించినది.

పెద్దలకు దీనితో నేమి పని యందురేమో. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోసు 10నకు సాధారణ సంరక్షణము ముగిసెను. తరువాతిదైన విండోసు 11 పాత యంత్రములను పెక్కింటి నంగీకరింపదు. ఆ యంత్రములు చెడిపోలేదు. పలక యజమాని తన పని చాలించెను, అంతియే. అట్టి యంత్రముపై లైనక్సును నిలిపినచో లెక్కలకు, వ్రాతలకు, పిల్లల యాటపాటలకు మరికొన్ని యేండ్లు పనిచేయును. జీకాంప్రి వంటి బాలక్రీడలు దానిపై వెల లేకయే లభించును. మీ యూరి బడిలో మూలబడిన కంప్యూటరును దూకమునకు వేయుటకు ముందు, దానిపై లైనక్సును బెట్టి చూచితిరా యని యొక్కసారి యడుగుడు. అడుగు పెద్ద యుండినచో చేయువారు దొరకుదురు.