ఓరుగల్లు కోట ఎవరిది?

ఇల్లు కొనదలచిన గృహస్థు మొదట గోడలు చూడడు, దస్తావేజులు చూచును. అమ్మువానికి ఆ యిల్లు ఎవరివలన సంక్రమించినది, అతనికి పూర్వము ఎవరి స్వాధీనమున నుండెను, నడుమ తాకట్టు లేమైన నున్నవా అని విచారించి, అంతయు సరిగా నున్నదని తోచిన పిమ్మటనే బయానా చేతిలో పెట్టును. ఐరోపాలో, ముఖ్యముగా ఆస్ట్రియా వంటి దేశములలో, చిన్నచిన్న కోటలకుగూడ ఇట్టి చరిత్ర వ్రాయు అలవాటు కలదు. ఫలానా ప్రభువు కట్టించెను, అతని కుమార్తెతో కట్నముగా వేరొక వంశమునకు పోయెను, అప్పుల పాలై వర్తకునకు అమ్ముడయ్యెను అని తరతరముల జాబితా యుండును. మన ఓరుగల్లు కోటకు ఇట్టి దస్తావేజులను కూర్చుకొనగలమా? కూర్చుకొనగలము గాని, అందులో క్రయపత్రము ఒక్కటియు లేదు. ఈ కోట ఎన్నడును అమ్ముడుపోలేదు. ఇచ్చినవారు లేరు, పుచ్చుకొన్నవారే యున్నారు.

కాకతీయుల తొలి రాజధాని హనుమకొండ. 1163లో రుద్రదేవుడు వేయిస్తంభముల గుడి కట్టించినది అక్కడనే. దానికి ఆగ్నేయముగా, ఏకశిల యనదగిన పెద్ద రాతిగుట్ట యున్న చోట క్రొత్తనగరము వెలసినది. 1199 మొదలు 1262 వరకు రాజ్యమేలిన గణపతిదేవుడు రాతికోటను పెంపొందించెను. అతని కుమార్తె రుద్రమదేవి గోడ యెత్తు పెంచి, అగడ్త త్రవ్వించి, వెలుపల మట్టికోట కట్టించెనని ప్రతాపచరిత్రము చెప్పుచున్నది. ఆ మట్టికట్ట నేటికిని నిలిచియున్నది. దాని అడ్డుకొలత సుమారు 2.4 కిలోమీటర్లు. లోపలి రాతికోట అందులో సగము, దానికి 45 బురుజులు. సున్నము లేకయే నల్లరాతి దిమ్మెలను ఒకదానిపై నొకటి పొందుపరచిరి. లోపలివైపున గోడ పొడవున మెట్లు కలవు. ఏ చోట శత్రువు కనబడినను సైనికులు ఆ చోటనే పైకెక్కవచ్చును. ద్వారములు తిన్నగా లోనికి పోవు. వంపు తిరిగి, మరల వంపు తిరిగి గాని లోపలికి చేరలేము. ఏనుగుతో తలుపు బ్రద్దలుకొట్టింప వచ్చినవానికి పరుగు తీయుటకు చోటు లేకుండుటే ఇందలి కిటుకు.

ఈ కోటకు నట్టనడుమ స్వయంభూదేవుని ఆలయముండెను. నాలుగు దిక్కుల ద్వారములనుండి వచ్చు బాటలు అక్కడ కలిసికొనెడివి. ఇంటి నడుమ దేవుని గది యుంచుకొన్నట్లు రాజులు కోటనడుమ దేవుని నిలిపిరి. మొదటి దస్తావేజు నిజమునకు ఈ దేవుని పేరిటనే యున్నదనవలెను.

తాకట్టు 1310లో మొదలైనది. అల్లాఉద్దీన్ ఖిల్జీ సేనాని మలిక్ కాఫర్ ఆ యేటి ఆరంభమున ముట్టడి వేసి మట్టికోటను పట్టుకొనెను. రాతికోట నిలిచినది గాని, ప్రతాపరుద్రుడు ధనరాసులను, ఏనుగులను, గుఱ్ఱములను ఇచ్చి సంధి చేసికొనవలసి వచ్చెను. కోహినూరు వజ్రము ఆ కానుకలలోనిదే యని మనవారు చెప్పుకొనుట కద్దు. నమ్ముటకు ముచ్చటగనే యుండును గాని, నిరూపించుటకు ఆధారము చాలదు. 1318లో ఖుస్రూఖాన్ వచ్చి మరల కప్పము కట్టించుకొనెను. ప్రతాపరుద్రుడు ఢిల్లీ వైపునకు తిరిగి నమస్కరించి, సుల్తాను పంపిన గొడుగును, వస్త్రమును స్వీకరించెనని అమీర్ ఖుస్రూ వ్రాసినాడు. ఇల్లు రాజుదే, అద్దె మాత్రము ఢిల్లీకి.

ఆ అద్దె నిలిచినప్పుడు తుగ్లకు కుమారుడు ఉలుఘ్‌ఖాన్ వచ్చెను. మొదటి ముట్టడి, సుల్తాను మరణించెనను వదంతి పుట్టి సేన చెదరుటచే విఫలమయ్యెను. 1323లో మరల వచ్చెను. ఈసారి కోట నెలల తరబడి నిలిచి, తుదకు లొంగినది. బందీయై ఢిల్లీకి పోవుచు ప్రతాపరుద్రుడు నర్మదాతీరమున మరణించెనని, ఆ తరువాత కొలది యేండ్లకే వ్రాయబడిన విలస తామ్రశాసనము తెలుపుచున్నది. ఓరుగల్లుకు సుల్తాన్‌పురమని పేరు పెట్టిరి. స్వయంభూదేవుని ఆలయమును కూల్చిరి. నాలుగు తోరణములు మాత్రము నిలిచినవి. గుడి లేని గుడికి నాలుగు వాకిళ్ళు! తలుపులు లేవు, గడియలు లేవు. నేడు ఓరుగల్లనగానే మన కన్నులకు కట్టునది ఆ వాకిళ్ళే.

మీలో ఓరుగల్లు చూచినవారికి, ఆ తోరణములకు కొద్ది దూరములోనే ఖుష్‌మహల్ అను పెద్ద సావడి జ్ఞప్తికి వచ్చును. అది షితాబ్‌ఖాన్ మహలని అక్కడివారు చెప్పుదురు. షితాబ్‌ఖాన్ రెండువందల యేండ్ల తరువాతివాడు. ఆ సావడి గోడలను ప్రక్కనుండి చూడుడు: అవి నిట్టనిలువుగా లేవు, పైకి పోను పోను లోపలికి వాలియున్నవి. ఢిల్లీయొద్ద తుగ్లకాబాదులో గియాసుద్దీన్ తుగ్లకు సమాధి గోడలును ఇట్లే వాలియున్నవి. దీనినిబట్టి అది తుగ్లకులు కట్టుకొన్న కొలువుకూటమని వాస్తుచరిత్రకారులు నిర్ణయించిరి. నాకును ఇదియే సమంజసముగా తోచుచున్నది. పేరు ఒక యజమానిని చెప్పుచున్నది, గోడ మరియొకనిని చెప్పుచున్నది. పేరు పెట్టుట కంటె గోడ కట్టుట కష్టము గనుక గోడ మాటయే నమ్మదగినది.

తుగ్లకుల స్వాధీనము పట్టుమని పదునాలుగేండ్లు సాగలేదు. ముసునూరి కాపయ నాయకుడు 1336లో కోటను పట్టుకొనెను. అప్పుడు కోటను విడిచి ఢిల్లీకి పారిపోయిన పాలకుడు మలిక్ మక్బూల్. ఈయన కథ విచిత్రమైనది. ఫిరోజ్‌షా కాలపు చరిత్రకారుడు అఫీఫ్ వ్రాసినదానిని బట్టి, ఆయన తెలంగాణమువాడే, పూర్వము ఓరుగల్లు రాజునకు ప్రీతిపాత్రుడు. పిదప ఇస్లాము స్వీకరించి సుల్తాను కొలువున చేరెను. తరువాత ఫిరోజ్‌షా తుగ్లకునకు ప్రధానమంత్రియై, ఖాన్-ఇ-జహాన్ అను బిరుదుతో ఢిల్లీ రాజ్యభారమునంతయు మోసెను. ఓరుగల్లు తాళపుచెవులు పోగొట్టుకొన్న తెలుగువాడు ఢిల్లీ తాళపుచెవులు మొలకు కట్టుకొనెనన్నమాట.

కాపయ నాయకుడు ఆంధ్రసురత్రాణుడని బిరుదు ధరించెను. సురత్రాణుడనగా సుల్తానే. తరిమివేసిన వారి పదవీనామమునే తాను ధరించుటలో ఎంత గర్వమున్నదో అంత వివేకమును కలదు. ఆ నాటికి అధికారమునకు ఆ పేరే జనులు గుర్తించు పేరు. కాని ఇరుగుపొరుగు చల్లగా లేదు. బహమనీ సుల్తానులతోడి పోరులలో కౌలాస కోట మొదట పోయెను, తరువాత గోలకొండ పోయెను. ఢిల్లీ సుల్తానునకై చేయించిన ఫిరోజా సింహాసనము నొకదానిని కాపయ బహమనీ సుల్తాను మహమ్మదుషాకు సమర్పించెననియు, బహమనీలు తరతరములు దానిపై కూర్చుండిరనియు ఫెరిస్తా వ్రాసెను. 1368 ప్రాంతమున రేచర్ల అనపోత నాయకునితో భీమవరమున జరిగిన యుద్ధములో కాపయ మడిసెను. కోట రాచకొండ పద్మనాయకులదయ్యెను. ఈ మారు కోటను తీసికొన్నవాడు తెలుగువాడే, పోగొట్టుకొన్నవాడును తెలుగువాడే. ఈ సంగతిని మన చరిత్ర ప్రసంగములలో కొంత తొందరగా దాటవేయుట పరిపాటి.

1425 ప్రాంతమున అహమ్మదుషా బహమనీ కోటను గైకొనెను. 1460లో కళింగ గజపతుల సేనలు వచ్చి పట్టుకొనెను. ఆ విజయమును తెలుపు శాసనము కోటలోనే కలదు. అదియు ఎక్కువ కాలము నిలువలేదు. బహమనీలు మరల వచ్చిరి. మహమ్మదు గవాను రాష్ట్రములను విభజించినప్పుడు తెలంగాణము ఓరుగల్లు, రాజమహేంద్రవరము అని రెండయ్యెను.

ఇక షితాబ్‌ఖాన్. ఈ జాబితాలో నా కెక్కువ మక్కువ గల యజమాని ఇతడే. అసలు పేరు సీతాపతి. బహమనీల కొలువున పైకి వచ్చి ఆ బిరుదు పొందెను. బహమనీ రాజ్యము శిథిలమగుచుండగా స్వతంత్రించి ఓరుగల్లును కైవసము చేసికొనెను. 1504 నాటి అతని శాసనము, కాకతి రాజ్యలక్ష్మియగు దేవిని, పాంచాలరాయస్వామిని మరల ప్రతిష్ఠించిన సంగతిని తెలుపుచున్నది. ప్రతాపరుద్రుడు పోయి అప్పటికి నూట యెనుబది యేండ్లు. కాకతీయ వంశముతో ఇతనికి చుట్టరికమున్నదని చెప్పుకొనలేదు. అయినను, కోటకు న్యాయమైన వారసుడనిపించుకొనుటకు కాకతీయుల దేవతను వెదకి తెచ్చి నిలుపవలెనని అతనికి తోచినది. పేరు ఖాను, చేసిన పని ఇది. మతమును బట్టి పేరును, పేరును బట్టి మనిషిని నిర్ణయించువారు ఈ శాసనము ఒకమారు చదువవలెను.

కొలది సంవత్సరములకే గోలకొండ సుల్తాన్ కులీ అతనిని ఓడించి కోటను తీసికొనెను. అప్పటినుండి కథ త్వరగా నడచును. రాజధాని గోలకొండ, పిమ్మట హైదరాబాదు. ఓరుగల్లు ప్రక్కన పడినది. 1687లో గోలకొండతోపాటు మొగలాయీల పాలయ్యెను. 1724లో మొదటి నిజాము స్వతంత్రుడైనప్పుడు అతనిదయ్యెను. ఫిరంగుల కాలములో పాతకోట అవసరము తగ్గినది. కోటలో ఊరు పెరిగినది. 1914లో హైదరాబాదు రాష్ట్రమున పురావస్తుశాఖ ఏర్పడి, గులాం యజ్దానీ దాని కధిపతియైనప్పుడు, ఇట్టి కట్టడములను కోటలుగా గాక చారిత్రక సంపదగా చూచు దృష్టి మొదలయ్యెను. 1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసెను. 1951లో పార్లమెంటు చేసిన చట్టముతో సంస్థానములలోని ముఖ్యమైన కట్టడములు జాతీయ ప్రాముఖ్యము గలవిగా ప్రకటింపబడెను. కోట కేంద్ర పురావస్తుశాఖ రక్షణలోనికి వచ్చెను. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడినప్పుడు కాకతీయ తోరణము రాజముద్ర కెక్కెను.

దస్తావేజుల వరుస ఇక్కడితో సరి. కాని ఇంటిలో కాపురమున్నవారి మాట మిగిలియున్నది. ఖిలా వరంగల్ పాడుపడిన కోట కాదు. రాతికోట లోపల వీధులున్నవి, బడులున్నవి, ప్రాకారముల నడుమ పొలములున్నవి. కాకతీయులు వంపు తిప్పి కట్టిన ద్వారములలోనుండియే ఆటోలు వంపు తిరిగి పోవుచున్నవి. 2010లో సవరించిన చట్టము ప్రకారము, రక్షిత కట్టడమునకు 100 మీటర్లలోపల క్రొత్తగా ఏమియు కట్టరాదు. ఆ పైన మరి 200 మీటర్ల వరకు అనుమతి లేనిదే కట్టరాదు. కోటలో పుట్టి పెరిగిన కుటుంబమునకు కొడుకు పెండ్లియైనప్పుడు ఒక గది పెంచుకొనుట పెద్ద చిక్కు. తోరణముల ప్రక్క మేడలు లేచినచో కోట మిగులదనుటయు నిజమే, ఆ గది అవసరమనుటయు నిజమే. పూర్వపు యజమానులలో ఏ ఒక్కరును కోటలోని యీ జనులను అడిగి కోటను తీసికొనలేదు. ఇప్పటి యజమాని మనమందరము. కాబట్టి అడుగవలసిన వారమును మనమే.