గోడకెక్కిన అరబ్బీ అక్షరం

అరబ్బీ లిపికళకు రాజాస్థానంతో ఎంత పాత బంధమో, రాజాగ్రహంతోనూ అంతే పాత బంధం. 10వ శతాబ్దిలో బాగ్దాద్‌లో ముగ్గురు అబ్బాసీ ఖలీఫాల కొలువులో వజీరుగా చేసిన ఇబ్న్ ముఖ్లా ఈ లిపికి కొలతలు ఏర్పరిచాడు. రెల్లు కలం మొనతో పెట్టిన చుక్కే అక్కడ ప్రమాణం. నిటారుగా నిలిచే ‘అలిఫ్’ ఎన్ని చుక్కల ఎత్తో తేలితే మిగతా అక్షరాల వంపులూ పొడవులూ ఆ లెక్కనే వస్తాయి. ఆస్థాన కుట్రల్లో ఇరుక్కున్న ఆ వజీరు కుడిచేతిని నరికించారు. 940లో ఆయన చెరసాలలోనే కన్నుమూశాడు. ఆయన కొలతల పద్ధతి మాత్రం తరతరాల లేఖకుల చేతుల్లో సాగుతూ వచ్చింది. ఖురాన్ ప్రతులు, మసీదు గోడలు, పింగాణీ పాత్రలు, పట్టుబట్టలు, చివరికి సమాధి రాళ్ల మీద కూడా అక్షరమే శోభ అయింది.

20వ శతాబ్దిలో ఈ అక్షరానికి కొత్త అవసరం వచ్చిపడింది. అల్జీరియాలో అరబ్బీని పరాయి భాషగా ప్రకటిస్తూ 1938లో ఫ్రెంచి ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. సొంత గడ్డమీద సొంత భాష పరాయిదైపోయిన కాలమది. లండన్, పారిస్ కళాశాలల్లో తైలవర్ణ చిత్రణ నేర్చుకుని వచ్చిన అరబ్బు చిత్రకారులకు తమదైన ఆధునికత ఏదన్న ప్రశ్న ఎదురైంది. ఇరాక్‌కు చెందిన మదీహా ఉమర్ 1949లో వాషింగ్టన్‌లో అక్షరాలే వస్తువుగా వేసిన చిత్రాలు ప్రదర్శించింది. 1971లో బాగ్దాద్‌లో షాకిర్ హసన్ అల్ సయీద్ ‘ఏక పరిమాణం’ అనే బృందాన్ని నడిపాడు. అక్షరాన్ని చిత్రంగా మార్చిన ఈ ధోరణికి ‘హురూఫియ్యా’ అన్న పేరు స్థిరపడింది.

సూడాన్ చిత్రకారుడు ఇబ్రహీం అల్ సలాహీ జీవితంలో ఈ మలుపు స్పష్టంగా కనిపిస్తుంది. లండన్‌లోని స్లేడ్ కళాశాలలో చదివి వచ్చి ఖార్టూమ్‌లో ప్రదర్శన పెడితే జనం పట్టించుకోలేదు. అప్పుడాయన ఊళ్లు తిరిగి, ఇళ్లలో జనం కళ్లకు అలవాటైన రాతనూ అలంకారాలనూ గమనించాడు. మొదట బొమ్మ మూలన చిన్న అక్షరాలు రాశాడు. తర్వాత అక్షరాన్నే విరగ్గొట్టి, ఆ ముక్కల్లోంచి మనుషుల, జంతువుల రూపాలు తీశాడు. 1975లో అభియోగమేదీ మోపకుండానే ఆయన్ను ఆరు నెలలు జైల్లో పెట్టారు. కాగితం దొరికితే శిక్ష తప్పని చోట, దొరికిన ముక్కల మీద గీతలు గీసి ఇసుకలో పాతిపెట్టేవాడు.

జెరూసలేంలో పుట్టిన చిత్రకారుడు కమాల్ బుల్లాతాది మరో దారి. 1967 అరబ్బు-ఇజ్రాయెల్ యుద్ధం నాటికి ఆయన ఊళ్లో లేడు. ఆ తర్వాత తిరిగి వచ్చి ఉండే వీలు లేకపోయింది. ప్రవాసంలో ఆయన చతురస్ర కూఫీ లిపితో, కేవలం గళ్లూ కోణాలతో అచ్చు చిత్రాలు చేశాడు. ఆయన క్రైస్తవుడు. అరబ్బీ లిపిని ఒక్క మతానికే కట్టేసి చూసేవారికి ఈ సంగతి తెలియాలి.

2010లో మ్యూనిక్ ప్రదర్శనశాల హౌస్ దెర్ కున్స్ట్‌లో జరిగే ప్రదర్శనకు అరబ్బీ లిపితో ఒక కృతి చేయమని కైరోలోని కళాచరిత్రకారిణి బహియా షిహాబ్‌కు ఆహ్వానం అందింది. ఆమె ‘లా’ను ఎంచుకుంది. అరబ్బీలో ‘కాదు, వద్దు’ అని చెప్పే మాట అది. స్పెయిన్ నుంచి చైనా సరిహద్దుల దాకా, 1,400 ఏళ్ల కట్టడాల మీదా పాత్రల మీదా గ్రంథాల్లోనూ కనిపించిన ‘లా’లలో వెయ్యి రూపాలను ఏరి కూర్చింది. మరుసటి ఏడాదే ఈజిప్టులో విప్లవం. 2011 డిసెంబరులో నిరసనకు వచ్చిన ఒక స్త్రీని సైనికులు ఈడ్చి, బట్టలు ఊడేలా కొట్టిన దృశ్యం దేశాన్ని కుదిపేసింది. షిహాబ్ స్టెన్సిలూ స్ప్రే డబ్బా పట్టుకుని వీధిలోకి వచ్చింది. సైనిక పాలన వద్దు, హింస వద్దు, జనాన్ని వివస్త్రల్ని చేయొద్దు అంటూ ఒక్కో నినాదానికి ఒక్కో పాత ‘లా’ను గోడకెక్కించింది. పరిశోధనగా మొదలైన పని అలా ప్రతిఘటన అయింది. ఆ విప్లవకాలపు కళలో ఇంతకన్నా బలమైన ఉదాహరణ అరుదు. ఆ వద్దులకు వెనక శతాబ్దాల సాక్ష్యం ఉంది మరి.

ఫ్రాన్స్‌లో ట్యునీసియా దంపతులకు పుట్టిన ఎల్ సీద్ లిపికళనూ గ్రాఫిటీనీ కలిపాడు. 2012లో ట్యునీసియాలోని గాబెస్ పట్టణంలో జారా మసీదు మినారు మీద, మనుషుల పరస్పర పరిచయాన్ని గురించిన ఖురాన్ వాక్యం రాశాడు. 2016లో కైరోలో చెత్త ఏరి బతికే కోప్టిక్ క్రైస్తవుల పేట మన్షియత్ నాసర్‌లో, దాదాపు 50 ఇళ్ల గోడల మీద బిషప్పు అథనాసియస్ మాటల్ని పరిచాడు. ముఖత్తం కొండ మీద ఒక చోట నిలబడితేనే ఆ రాత మొత్తం కనిపిస్తుంది. మెలికలు తిరిగే అతని అక్షరాలను అరబ్బీ వచ్చినవారూ సులువుగా చదవలేరు. ఊరంతా ‘మురికిపేట’ అని పిలిచే చోటును తలెత్తి చూసేలా చేసింది కాబట్టి ఆ లోపం క్షమార్హమే.

కైరో వీధుల్లోని విప్లవకాలపు రాతల్లో చాలావాటి మీద సున్నం పడింది. మరోవైపు 2021 డిసెంబరులో అరబ్బీ లిపికళకు యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చోటు దక్కింది. సౌదీ అరేబియా ముందుండగా దరఖాస్తు చేసిన 16 దేశాల్లో అల్జీరియా, సూడాన్, ఇరాక్, ఈజిప్టు, ట్యునీసియా, పాలస్తీనా కూడా ఉన్నాయి.