అండమాన్ నికోబార్ దీవులలో శైశవ అనుబంధం, సంబంధిత రుగ్మతలు: చరిత్ర

పసిబిడ్డకూ తనను సాకే పెద్దలకూ మధ్య కుదిరే గాఢమైన మమకారమే శైశవ అనుబంధం. తొలి ఏళ్లలో అది కుదరకపోతే కొందరు పిల్లలు దెబ్బ తగిలినా ఓదార్పు కోసం ఎవరి దగ్గరికీ పోరు. మరికొందరు ముక్కూ మొహం తెలియనివారి వెంట బెరుకు లేకుండా వెళ్లిపోతారు. అమెరికా మనోవైద్యుల వర్గీకరణలో ఈ అనుబంధ రుగ్మత 1980లో చేరింది. 2013లో రెండుగా విడిపోయింది. బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు రాసిన నివేదిక ఈ చర్చకు పునాది.

అంతకు దాదాపు డెబ్బై ఏళ్ల ముందే అండమాన్లలో పిల్లల పెంపకం గురించి విలువైన వివరాలు నమోదయ్యాయి. 1869లో పోర్ట్ బ్లెయిర్ చేరిన అధికారి ఇ.హెచ్. మాన్ 1882-83లో అక్కడి ఆదివాసులైన గ్రేట్ అండమానీయులపై అచ్చువేసిన వ్యాసాలు చాలా నిశితమైనవి. ఆరేడేళ్లు దాటిన పిల్లలు కన్నవారి దగ్గర ఉండడం అరుదని ఆయన రాశాడు. ఇంటికొచ్చిన పెళ్లయిన స్నేహితుడు బిడ్డను పెంపకానికి అడగడం అప్పట్లో అక్కడ మర్యాద. ఆ మాట సాధారణంగా కాదనేవారు కాదు. కన్నవారు తరచూ వచ్చి చూసిపోయేవారు, పెంచినవారి అనుమతితో కొన్నాళ్లు వెంట తీసుకెళ్లేవారు. పెంపుడు తండ్రి ఆ బిడ్డను మరో స్నేహితుడికి ఇవ్వాలన్నా కన్నవారిని అడగాల్సిన పని ఉండేది కాదు, కబురు చేస్తే సరిపోయేది. అయితే సొంత బిడ్డలా చూసుకోవడం మాత్రం తప్పనిసరిగా ఉండేది. 1906-08లో అక్కడ పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ కూడా తన 1922 నాటి గ్రంథంలో ఈ ఆచారాన్ని వర్ణించాడు. తల్లి ఒక్కతే దిక్కు అన్న భావన ఆ సమాజంలో ఉండేది కాదు.

ఆ పెంపకపు అల్లికను చెదరగొట్టింది వలస పాలన. 1858లో ఖైదీల స్థావరం వెలిసింది. 1863లో రెవరెండ్ హెన్రీ కార్బిన్ రాస్ ద్వీపంలో ‘అండమాన్ హోమ్’ తెరిచి పిల్లలకు ఇంగ్లీషు నేర్పించాడు. 1877లో తట్టు సోకి పెద్దలూ పిల్లలూ రాలిపోయారు. తర్వాతి శతాబ్దంలో తూర్పు బెంగాల్ కాందిశీకులు, తెలుగువారు, తమిళులు వచ్చి స్థిరపడ్డారు.

2004 డిసెంబర్ 26 నాటి సునామీతో ఈ దీవుల పిల్లల మానసిక ఆరోగ్యం వైద్యుల దృష్టికి వచ్చింది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ మనోవైద్య బృందాలు సహాయ శిబిరాల్లో పనిచేశాయి. ఆ బృందాల్లోని సురేశ్ బడా మఠ్, ఆయన సహచరులు పిల్లల్లో, కౌమారుల్లో కుంగుబాటు, హఠాత్తుగా కమ్మే భయం, విపత్తు అనంతర ఒత్తిడి, సర్దుబాటు సమస్యలు గుర్తించారు. నికోబార్ దీవుల ఆదివాసులైన నికోబారీయుల ఉమ్మడి కుటుంబాల తట్టుకునే శక్తిని వారు ప్రత్యేకంగా ప్రస్తావించారు. కార్ నికోబార్‌లో ఈ కుటుంబాన్ని ‘తుహెట్’ అంటారు. సంప్రదాయం ప్రకారం కొబ్బరి తోటలు, పందులు, పిల్లల బాధ్యత అన్నీ ఉమ్మడే.

అయితే సునామీ పరిహారం, బ్యాంకు ఖాతాలు, తర్వాత కట్టిన శాశ్వత గృహాలు భార్యాభర్తలూ పిల్లలూ ఉండే చిన్న కుటుంబాన్ని ప్రమాణంగా తీసుకున్నాయి. దీనివల్ల తుహెట్ బలహీనపడిందని సిమ్రన్ జిత్ సింగ్ వంటి పరిశోధకులు రాశారు.