ఖాదర్ అలీ బేగ్ నాటకోత్సవం

హైదరాబాదులో ఏటా జరిగే నాటకోత్సవం. న్యూ థియేటర్ ఆఫ్ హైదరాబాద్ స్థాపకుడు, రంగస్థల దర్శకుడు ఖాదర్ అలీ బేగ్ (మరణం 1984) పేరిట, ఆయన కుమారుడు మహమ్మద్ అలీ బేగ్ 2005లో స్థాపించిన సంస్థ దీనిని నిర్వహిస్తుంది. కుమారుడికి 2014లో పద్మశ్రీ లభించింది.

పాత కట్టడాలనే రంగస్థలంగా మలచడం ఈ సంస్థ ప్రత్యేకత. గోల్కొండ సుల్తాను కులీ కుతుబ్ షా, భాగమతుల ప్రేమగాథ 'కులీ: దిలోం కా షహజాదా'ను గోల్కొండ కోటలో ప్రదర్శించారు. నగరానికి పడమర ఇబ్రహీంబాగ్‌లో ఉన్న తారామతి బారాదరి నర్తకి తారామతి కథకు వేదికైంది. ఆమె పాట గాలివాటున కోట దాకా వినిపించేదంటారు. ఈ కథలో చరిత్ర కన్నా ఐతిహ్యం పాలే ఎక్కువ.