గోదావరి నుంచి ఫోను

పొద్దున్న ఆరున్నర, ఎ షిఫ్టు. విశాఖ ఉక్కు కర్మాగారంలో స్టీల్ మెల్ట్ షాపు కంట్రోల్ రూము. మీరు కొత్త ట్రైనీ, అంచేత మీకు కుర్చీ లేదు. అద్దం అవతల కన్వర్టర్ నోరు తెరుచుకుని ఖాళీగా ఉంది. దాని బాధ్యత మేడమ్‌ది. ఆవిడ గడియారం చూస్తున్నారు. ఫోను మోగింది. స్పీకర్ నొక్కారు.

"గోదావరి నుంచి లేడిల్ బయల్దేరిందండీ."

"ఎక్కడికండీ, కాకినాడకా? అరగంటైంది."

ఇక్కడ బ్లాస్ట్ ఫర్నేసులకు పేర్లున్నాయి. 1990లో వెలిగింది గోదావరి. తర్వాత కృష్ణ, 2012లో అన్నపూర్ణ. గోదావరి షిఫ్టు ఇంజనీరుకీ మేడమ్‌కీ పడదని షాపంతా ఎరుగును. లేడిల్‌లో కరిగిన ఇనుము దారిలో చల్లారితే మాట ఆయనకి, కన్వర్టర్ ఆగితే ఈవిడకి. రోజూ అదే పంచాయితీ.

"సిలికాన్ 0.9 అట. పోస్తే పొంగుతుంది. ఆ స్లాగ్ ఎవరెత్తుతారు, మీరొస్తారా?"

"రమ్మంటే వస్తా."

గదిలో ఎవరూ కిక్కురుమనలేదు. మేడమ్ ఫోను పెట్టేసి లాగ్‌బుక్కు తలకిందులుగా పట్టుకున్నారు. సీనియర్ ఆపరేటర్ మీ చెవిలో, "ఏటలా చూస్తావు బాబూ? ఎప్పట్నుంచో ఇదే తంతు" అన్నాడు.

లేడిల్ వచ్చింది. క్రేన్ ఎత్తి వంచేసరికి గదంతా నారింజ వెలుగు, అద్దం వెనకున్నా మీ చెంపలు చురుక్కుమన్నాయి. లాన్స్ దిగింది. పావుగంట పైగా ఆక్సిజన్ హోరు. పొంగలేదు. సున్నం లెక్క మేడమ్ ముందే మార్చేశారు మరి. తర్వాత తనే గోదావరికి ఫోన్ చేసి, "హీట్ బాగానే వచ్చింది" అని ఠక్కున పెట్టేశారు. అది చెప్పాల్సిన పని లేదు, ఎవరూ అడగలేదు.

'మిస్సమ్మ'లో ఉద్యోగం కోసం ఇద్దరు మొగుడూ పెళ్లాల్లా నటించారు. వీళ్లు ఉద్యోగంలో ఉండి శత్రువుల్లా నటిస్తున్నారేమో!

సాయంత్రం ఆర్కే బీచి. మురీ మిక్చర్ బండి దగ్గర మీ ముందు ఇద్దరు. ఆ మగగొంతు పొద్దున్న స్పీకర్లో విన్నదే. ఆయన దూరంగా లంగరేసిన ఓడను చూపిస్తున్నాడు.

"మన బొగ్గేమో. ఆస్ట్రేలియాది."

"బూడిదెంతో కనుక్కున్నారా?"

"కాస్త తిననివ్వండి మేడమ్."

"తినండి. కానీ అది నా పొట్లం."